ఎర్ర క్లిప్పు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి మీటరుకి,

పిన్ని దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, నీ భార్యా, పాపా చల్లగా ఉండాలి. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని మూడో తరగతిలో చెప్పారు. నాలుగో తరగతికి నన్ను పంపలేదు కాబట్టి, క్షేమంగా లేనివాళ్ళు ఏమని రాయాలో నాకు తెలీదు. అందుకని ఆ ముక్క వదిలేస్తున్నాను.

నా రాత చూసి నవ్వుకో, పరవాలేదు. వానకి పరిగెత్తే కోడిపిల్లల్లా ఉంటాయి నా అక్షరాలు అని నువ్వూ మా వాడూ ఎన్నిసార్లు నవ్వలేదు? పక్కింటావిడ చెప్పండి నేను రాసిపెడతాను అంది. వద్దన్నాను. ఇది ఇంకొకరి చేత రాయించే ఉత్తరం కాదు. నీతో చెప్పాల్సిన మాట ఒకటుంది. పద్నాలుగు నెలలుగా ఉంది. చెప్పగలనో లేదో నాకే తెలీదు. ముందు మామూలు కబుర్లు రాస్తాను, చెయ్యి అలవాటు పడుతుంది.

నిన్ను మీటరు అని పిలవచ్చో లేదో కూడా తెలీదు. ఆ పేరు పెట్టింది మా వాడు కదా. కరెంటు కొలిచే మీటరు పెట్టి రెండుసార్లు కొలిస్తే గానీ దేన్నీ నమ్మడు అమ్మా, నువ్విచ్చే టీ కూడా కొలిచే తాగుతాడు చూడు అనేవాడు. నువ్వు మాత్రం ఊరుకున్నావా? వాడికి దుమ్ముదొర అని పెట్టావు. ఏ పెట్టె వచ్చినా ముందు కూర్చుని దుమ్ము దులుపుకుంటాడు, రిపేరు సంగతి రేపు అంటాడు, ఈ దొరగారితో షాపు నడిచినట్టే పిన్నీ అనేవాడివి. దుమ్ము పోతే సగం రోగం పోతుందిరా అని వాడు. మిగిలిన సగం నా నెత్తినే కదరా అని నువ్వు. వంటింట్లోంచి వింటూ నాలో నేను నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ముందు గదిలోంచి గోడగడియారం ఒక్కటే వినిపిస్తుంది.

షాపు అలాగే ఉంది. షాపంటే ఏముంది, మా ముందు గదే కదా. బల్ల, రెండు కుర్చీలు, మేకులకి వేలాడే వైర్లు, గోడకి ఆ సీరీస్ బల్బు. బయట బోర్డు తీయలేదు. ఒకటి రెండుసార్లు ఎవరో పాత రేడియో పట్టుకుని వచ్చారు. చేసేవాళ్ళు లేరు అని చెప్పాను. ఎప్పుడొస్తారు అని అడిగాడు ఒకాయన. తలుపేసుకుని లోపలికి వచ్చేశాను.

పోయిన వారం కూరగాయల కొట్టు దగ్గర నీ భార్య కనబడింది. నన్ను చూసి తల తిప్పుకుంది. తిప్పుకోదా మరి. నేనే వెంటపడి చెయ్యి పట్టుకున్నాను. ముందు పొడిపొడిగా మాట్లాడింది. బాగున్నారా అంటే ఆ అంది. పాపకి మాటలొచ్చాయా అంటే వచ్చాయి అంది. మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా అనేసరికి సంచీ కింద పెట్టి ఏడ్చింది.

గోడౌన్లో అట్టపెట్టెలకి చీటీలు అంటించే పనిలో చేరావట. అంటించిన చీటీని మళ్ళీ మళ్ళీ చూస్తున్నావని, పని సాగడం లేదని మేస్త్రీ తిడుతున్నాడట. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, పడిందో లేదో అని వెనక్కి వస్తున్నావట, ఒక్కోరోజు మూడుసార్లు. వంటింట్లో బల్బు పోయి రెండు నెలలైందట. మార్చమంటే స్టూలెక్కి, చెయ్యి పైకెత్తి, చెమటలు కారిపోతుంటే దిగేశావట. పోనీ నేను మారుస్తానంటే ఒప్పుకోడు, ఇంకొకర్ని పిలుస్తానంటే ఒప్పుకోడు, కిటికీ వెలుతురు ఉండగానే వంట ముగించేస్తున్నాను పిన్నీ అంది. ఎన్ని రేడియోలకి ప్రాణం పోసిన చెయ్యి నాయనా అది!

ఇంకో మాట కూడా చెప్పింది. అది వినకుండా ఉంటే బాగుండేది. పాపని ఎత్తుకోమంటే, నాకివ్వకు, నా చేతుల్ని నేనే నమ్మడం లేదు, నువ్వెలా నమ్ముతావు అన్నావట.

ఆ రాత్రంతా ఆ మాటే. అందుకే ఈ ఉత్తరం. కానీ ఇంకొంచెం సేపు వేరే కబుర్లే రాస్తాను, ఏమనుకోకు.

ఆ పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉంది. పాటల మాస్టారి యాంప్లిఫయరు. ఆయన పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా దాని సంగతి ఎత్తలేదు. వచ్చేవారు, కూర్చునేవారు, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. మొన్న మంగళవారం వచ్చి, నెలాఖరుకి కూతురింటికి మారిపోతున్నానమ్మా, నీకు కష్టం కాకపోతే ఆ పెట్టె తీసుకెళ్తాను, మోగకపోయినా పరవాలేదు, దాని పక్కన కూర్చోవడం అలవాటైపోయింది అన్నారు. ఇల్లాలు పోయాక ఆయనకి మిగిలిన తోడు ఆ పెట్టే కదా. అలాగే మాస్టారూ అన్నాను. దుమ్ముపట్టిన పెట్టెని ఇచ్చి పంపిస్తే మా వాడు ఊరుకుంటాడా?

బుధవారం పొద్దున్న కిటికీలన్నీ తీసి, దాని మీద దుప్పటి లాగాను. ఆ రోజు ఎవరు కప్పారో గాని అదే దుప్పటి. కింద పెట్టె ఎలా వదిలేశారో అలాగే ఉంది. బల్బుల్లాంటి ఆ గాజు వాల్వులు కోడిగుడ్ల అట్టలో ఉన్నాయి, నువ్వు పీకి పెట్టినవి పెట్టినట్టే, ఒక్కో గుంట పక్కన నీ నంబరు. పెట్టె ముందంచుకి ఎర్ర క్లిప్పు. దాన్ని ముట్టుకోలేదు.

వాల్వులు తుడవడం నా పనే కదా, గుర్తుందా. అమ్మ చెయ్యి తేలిక అని వాడు నాకు నేర్పించాడు. నాకేం వచ్చురా అంటే, పసిపిల్లల మొహం తుడిచావుగా, ఇదీ అంతే అన్నాడు. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. గాజు పట్టుకుని మెలితిప్పకూడదు, కింద నల్లటి మొదలు పట్టుకుని నిటారుగా లాగాలి. మెత్తటి పొడిబట్టతో ఖాళీ గాజు మాత్రమే తుడవాలి, దాని మీద అచ్చువేసిన అక్షరాల జోలికి పోకూడదు, అవి చెరిగిపోతే అది ఏ వాల్వో చెప్పేవాడు ఉండడమ్మా అనేవాడు. మొదటిసారి తెలీక ఒకదాన్ని తళతళా తుడిచి అక్షరాలు కాస్తా మాయం చేసి చూపిస్తే, మీరిద్దరూ నా మొహం చూసి గోడ వైపు తిరిగి నవ్వారు. నాకు కనబడలేదనుకున్నారు. మీ భుజాలు కదలడం కనబడింది.

అన్నీ వాడు చెప్పినట్టే చేశాను. ముందు ప్లగ్గు. గోడలో లేకపోతే చాలదు, ఎక్కడుందో కళ్ళకి కనబడాలి అనేవాడు కదా. దాన్ని తెచ్చి నా ఎదురుగా కుర్చీలో పెట్టుకున్నాను, చుట్టం కూర్చున్నట్టు కూర్చుంది. తడిబట్ట దగ్గరికి రానివ్వలేదు. నోటితో ఊదలేదు. మెత్తటి బ్రష్షుతో పైరేకు మీది దుమ్ము నెమ్మదిగా అంచుకి తోసి, బట్టతో ఎత్తాను. చెక్కపెట్టెకి విడిగా పొడిబట్ట. పద్నాలుగు నెలల దుమ్ము, నాయనా. ఒక్క గంటలో పోయింది. పోయాక నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ దుమ్ములో వాడి వేళ్ళు తగిలిన దుమ్ము కూడా ఉంటుంది కదా అనిపించి, బట్ట దులపకుండా మడిచి దాచాను. పిచ్చిదాన్ననుకో.

పెట్టె కడుపులో మాత్రం చెయ్యి పెట్టలేదు. అది ఎప్పుడూ నా పని కాదు. ప్లగ్గు పీకేశాక ఇంకా భయమెందుకురా అని ఒకసారి అడిగితే, కుళాయి కట్టేసినా బిందెలో నీళ్ళుంటాయి కదమ్మా, ఈ కండెన్సర్లు అలాంటి బిందెలు, వాటిలో నిలిచిన కరెంటు చాలు మనిషిని తీసుకుపోవడానికి అన్నాడు. ఆ బిందెల్ని వైరుతో, దానికి కట్టిన రెసిస్టరుతో మెల్లగా ఖాళీ చెయ్యాలని, మీటరు పెట్టి సున్నా చూడాలని, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుంది కాబట్టి అప్పటిదాకా ఎడం చెయ్యి జేబులోంచి తీయకూడదని చెప్పాడు. మీ ఇద్దరి ప్యాంట్లకీ ఎప్పుడూ ఎడం జేబులే చిరిగేవి. కుట్టేదాన్ని నేనే కదా. ఒళ్ళు దాచుకునే పనికి జేబు బలైపోతోంది అని విసుక్కునేదాన్ని. ఎంత మంచి చిరుగులు అవి.

ఇక్కడ ఆపేశాను. పొయ్యి మీద పాలు పొంగితే లేచాను. మళ్ళీ సాయంత్రం కూర్చున్నాను.

ఆ రోజు గురించి రాయాలి. నీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి రాయాలి.

పొద్దున్న పదింటప్పుడు వాడు బాగైన రేడియో ఒకటి ఇచ్చి రావడానికి వెళ్ళాడు. నువ్వు మాస్టారి పెట్టె ముందు పెట్టుకుని, వాల్వులన్నీ పీకేసి, ప్లగ్గు పెట్టి ఏదో కొలుస్తున్నావు. కొంచెం సేపటికి ప్లగ్గు పీకి, ఒక కండెన్సరు తేవాలి పిన్నీ, అరగంటలో వస్తా, వచ్చి మళ్ళీ చూడాలి అని సైకిలెక్కావు. నువ్వటు వెళ్ళాక నేను ముందు గది ఊడ్చాను. రోజూ ఊడ్చినట్టే. తర్వాత వాడొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, తువ్వాలుతో వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకున్నాడు, అది నేను చూశాను. టీ పెట్టవే అమ్మా, మీటరు వచ్చేసరికి ఈ పెట్టె లోపల తళతళలాడించేస్తాను, వచ్చి దుమ్ము కొలుచుకుంటాడు అన్నాడు. అదే ఆఖరి మాట. నవ్వుతూనే అన్నాడు.

గ్లాసులు కడుగుతున్నాను. బ్రష్షు కింద పడ్డ చప్పుడు వినిపించింది. అంతే. ఇంకే చప్పుడూ లేదు. టీ మరిగేదాకా నేను వెళ్ళి చూడనే లేదు.

నువ్వొచ్చేసరికి గది నిండా జనం. నీ చేతిలో కండెన్సరు పొట్లం అలాగే ఉంది. ఎవరో అడిగారు, లోపల నిలిచిన కరెంటు దించకుండా ఎలా వదిలి వెళ్ళావయ్యా అని. నువ్వు ఆ క్లిప్పు వంక చూశావు. అది మా గుర్తు, లోపలి కరెంటు దించి, సున్నా చూశాకే దాన్ని పెడతాం, అది ఉంటే రెండు చేతులూ పెట్టచ్చని లెక్క, అందుకే వాడు రెండు చేతులూ పెట్టాడు అన్నావు. మరి దించావా అని అడిగారు. దించినట్టు నాకు గుర్తు లేదు, కానీ క్లిప్పు ఉంది, ఇంట్లో ఇంకెవరున్నారు పెట్టడానికి, నేనే పెట్టి ఉంటాను అన్నావు.

ఆ క్లిప్పు సంగతి నాకు తెలిసింది అప్పుడే, నీ నోటివెంటే. నా దండెం మీది క్లిప్పులు రెండు కాజేసి ఎర్రరంగు పూసుకున్నారని తెలుసు. నా క్లిప్పులు నాకిచ్చెయ్యండిరా అని ఎన్నిసార్లు పోట్లాడాను! తెరిచిన పెట్టెకి ఎప్పుడూ ఒకటి ఉంటుందని తెలుసు. పని జరుగుతున్న పెట్టెకి పెట్టే గుర్తు అనుకున్నాను. అన్నీ అడిగేదాన్ని, అదొక్కటీ అడగలేదు.

నేను అప్పుడు ఏం చేశానో నీకు గుర్తుండే ఉంటుంది. నా కొడుకుని చంపేశావు అన్నాను. వీధంతా వినేలా అన్నాను. తోడబుట్టినవాడిలా తిరిగి, నా చేతి తిండి తిని, నా కడుపు కాల్చావు అన్నాను. నీ మీటరు తీసి గుమ్మంలోంచి రోడ్డు మీదికి విసిరాను. నువ్వు వంగి మీటరు కూడా తీసుకోలేదు. వాడి ఆఖరి చూపుకి నిన్ను గుమ్మం దాటనివ్వలేదు. వీధి మలుపులో నిలబడి చూశావని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ మీటరు నేనే తెచ్చాను, అందరూ వెళ్ళిపోయాక. అద్దం పగిలింది గాని ముల్లు కదులుతోంది. వాడి చొక్కాల పక్కన పెట్టాను.

నెలాఖరుకి మాస్టారు వెళ్ళిపోతారు. పైపైన తుడవడం నావల్ల అయింది. లోపల తుడవడం నావల్ల కాదు. ఇన్ని నెలలు ఊరికే ఉన్న పెట్టెకి తిన్నగా కరెంటు ఇవ్వకూడదని, సీరీస్ బల్బు పెట్టి మెల్లగా లేపాలని వాడు చెప్పింది గుర్తుంది గాని, చేసే చెయ్యి నాది కాదు. వేరే మెకానిక్కుని పిలవడం నాకిష్టం లేదు. వస్తావేమోనని అడుగుతున్నాను. రాకపోతే తప్పు పట్టను. ఆ పెట్టెని చూస్తేనే నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పాపకి నా ముద్దులు. నీ భార్యకి, కూరగాయల దగ్గర తన సంచీలోంచి దొర్లిపోయిన ఉల్లిపాయలు రెండు నా సంచీలోకి వచ్చేశాయని, వచ్చినప్పుడు ఇస్తానని చెప్పు.

ఇంతే సంగతులు అని రాయాలి. ఇంతే కాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

ఇట్లు,
దుమ్ముదొర అమ్మ,
నీ పిన్ని

తాజా కలం: సోమవారం

ఉత్తరం కవర్లో పెట్టి అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి, కవరు సగం లోపలికి తోసి, మళ్ళీ లాక్కుని ఇంటికొచ్చి చింపాను. అసలు మాట లేకుండా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు?

ఆ క్లిప్పు పెట్టింది నేను.

నువ్వు సైకిలెక్కాక ఊడుస్తుంటే బల్ల కింద చీపురుకి తగిలింది. పెట్టె మీంచి జారి పడి ఉంటుంది, వీళ్ళకి ఏదీ చోట ఉండదు అనుకున్నాను. కొంగుతో తుడిచి, బట్టకి పెట్టినట్టు పెట్టెకి పెట్టాను. సాయం చేశాననుకున్నాను. నువ్వు కరెంటు దించలేదు, ఎందుకంటే వచ్చి మళ్ళీ కొలవాలి. క్లిప్పు పెట్టలేదు, ఎందుకంటే దించలేదు. నువ్వు అన్నీ సరిగ్గానే చేశావు నాయనా. గుర్తు లేదన్నావు చూడు, చెయ్యనిది ఎలా గుర్తుంటుంది?

నువ్వు కొలవందే నమ్మవని తెలుసు. అందుకే దాన్ని కదపలేదు. మీరిద్దరూ క్లిప్పు ఎప్పుడూ వెనకంచుకి పెడతారు, వైరు వచ్చే వైపు. బుధవారం రెండో క్లిప్పు వెతికి చూశాను, అది మీరు తెరిచి వదిలేసిన పాత రేడియోకి వెనకంచుకే ఉంది. మాస్టారి పెట్టెకి ముందంచుకి ఉంది. గుమ్మం వైపు నుంచి ఊడ్చుకుంటూ వచ్చేవాళ్ళకి అందే అంచు అది. వచ్చి నీ కళ్ళతో చూసుకో. ఆ క్లిప్పుని మాత్రం నమ్మకు, ముందు మీటరు పెట్టు, ఎడం చెయ్యి జేబులో ఉంచు.

ఇదంతా నాకు ఈ మధ్య తెలిసింది కాదు. ఆ రోజే తెలిసింది. రెండు చేతులూ పెట్టచ్చని లెక్క అని నువ్వు అంటున్నప్పుడే, నా వేళ్ళకి ఆ క్లిప్పు తగిలినట్టయింది. ఇంట్లో ఇంకెవరున్నారు అని నువ్వన్నప్పుడు నీ ఎదురుగానే నిలబడి ఉన్నాను. నువ్వు నా వంక చూస్తావేమోనని భయపడ్డాను. నువ్వు చూడలేదు. నేను పెట్టి ఉంటానని నీకు తట్టనే లేదు. అందుకే అంత గట్టిగా అరిచాను. ఎవరైనా ఆలోచించే లోపల అరిచాను. తర్వాత ప్రతిరోజూ రేపు చెబుదామనుకున్నాను. కొడుకు లేని తల్లిగా బతకగలిగాను గాని, వాణ్ణి నా చేత్తో పంపించుకున్నదాన్నని అనిపించుకుని బతకలేననుకున్నాను. ఆ బరువు నీ నెత్తిన పెట్టి, నువ్వు మోస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజు పొద్దున్న మాస్టారికి చెప్పాను. పక్కింటివాళ్ళకి చెప్పాను. నిన్ను తిట్టిన గుమ్మంలోనే నిలబడి, దారిన పోయేవాళ్ళని కూడా ఆపి చెప్పాను. కొందరు ఇప్పుడెందుకు ఇవన్నీ అన్నారు. మాస్టారు నీళ్ళ గ్లాసు నాకే ఇచ్చి తాగమన్నారు.

నువ్వు రాకపోయినా సరే, నన్ను జన్మలో పలకరించకపోయినా సరే. ఈ ఉత్తరం నీ భార్య చేత కూడా చదివించు. ఆ తర్వాత స్టూలెక్కి ఆ బల్బు మార్చు. వెలుతురు వచ్చాక పాపని ఎత్తుకో. రెండు చేతులతోనూ ఎత్తుకో.